కొండమీద ఎవరూ లేరన్న మాట

ఎర్రసముద్రం ఒడ్డు ఎడారిలో బతికే అఫార్లు ఆకలికైనా ఓర్చుకుంటారు గానీ కబురుకి ఆగలేరు. దారిలో ఇద్దరు ఎదురుపడితే గొంతుక్కూర్చుని, చూసిందీ విన్నదీ పొల్లుపోకుండా చెప్పుకోవాల్సిందే. అందులో అబద్ధమాడినవాణ్ణి తెగలో మనిషిగా లెక్కెయ్యరు.

హుమద్ అంతపనీ చేశాడు, అదీ సొంత మేనమామ కదాఫో దగ్గర. జిబూటీలో సర్కారు కొలువు వాడిది. జలసంధి మీద కాపలాకని పరాయి సైన్యానికి కొండ కౌలుకిచ్చే బేరం వాడి చేతిమీదే నడిచింది. ఆ కొండమీదే మామ కొడుకు సమాధి. "కొండ మనదే మామా, వాళ్లు అవతలి వాలున ఉంటారంతే" అని మామకి చెప్పాడు. బేరం బల్ల దగ్గరేమో అక్కడ ఎవరూ లేరన్నాడు.

నమ్మి చెడ్డవాడు లేడంటారు. మామ నమ్మే చెడ్డాడు. ఉప్పు బేరగాళ్లకీ మేకల కాపర్లకీ అదే కబురు పంచాడు. నెల తిరక్కుండా కొండ చుట్టూ ముళ్లకంచె లేచింది. మేనల్లుణ్ణి పల్లెత్తు మాటనలేదు. తన కబురు అబద్ధమైంది గనక ఇక ఈ నోటికి కబురు చెప్పే అర్హత లేదన్నాడు. ఎవరెదురైనా తల దించుకుపోయేవాడు. చివరికి కంచె పక్కనే కూర్చుని ప్రాణం విడిచాడు. కొడుకు దగ్గరికి పోనివ్వరు గనక కింది వాలునే పూడ్చారు.

ఇప్పుడు కౌలు పొడిగింపు. ఏసీ గదిలో మళ్లీ అదే బల్ల ముందు హుమద్. ఈ పొడిగింపు బేరం మొదలైన నాటినుంచీ పోయిన మామ గోడవార గొంతుక్కూర్చునే ఉన్నాడు, వాడొక్కడికే కనిపిస్తూ. ఏమీ అడగడు. అడిగితే బాగుండును, పాడు బతుకు, చెప్పేసి ఏడ్చేవాడు.

కంచెని కింది వాలుదాకా జరపాలన్నాడు పరాయి కర్నల్. అక్కడెవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఉన్నాడు. మా మామ."

కర్నల్ కలం ఆగింది. "ఖాళీ చేయించగలరా?"

"చేయించలేం. పోయాడు. అక్కడే పూడ్చాం."

కర్నల్ హమ్మయ్యనుకున్నాడు. మర్యాదస్తుడు, సంతాపం కూడా చెప్పాడు. ఆపైన ఎవరూ నివసించడం లేదని రాసుకుని కాగితం ఇటు జరిపాడు.

సంతకం చెయ్యనన్నాడు హుమద్. పక్కనున్న పై అధికారి విసుక్కుని, తనే గిలికేశాడు.

హుమద్ లేచాడు. అందరూ చూస్తుండగా గోడ దగ్గరికి పోయి, ఎవరూ లేని చోటికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మామా, కొండ పోయింది. నువ్వున్న చోటూ పోయింది. ఇచ్చింది నేనే."