మామగారు తెచ్చిన నాణెం

క్షవరం చేయించుకుని చిల్లర అందుకోగానే పెద్దాయన చూపు ఒక నాణెం మీద ఆగిపోయింది. మిగతావన్నీ అరిగి నల్లబడి ఉంటే, అదొక్కటే అద్దంలా మెరుస్తోంది. దాని మీది అంకెలు గోటికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. బస్సు నడిపిన అన్నేళ్ళలో కండక్టరు సంచిలో ఇలాంటిది ఆయన చూడలేదు. ఇది సేకరించేవాళ్ళ కోసం టంకశాలలో ప్రత్యేకంగా ముద్రించిందేనని తేల్చేశాడు. తన గల్లాపెట్టెలోంచి వచ్చింది గనుక సగం తనదేనంటూ సెలూన్ యజమాని వెంటబడ్డాడు.

ఇద్దరూ కలిసి పెద్దాయన కోడలు పనిచేసే నాణేల దుకాణానికి వెళ్ళారు. నాణేలకు విలువ కట్టడం ఆమె ఉద్యోగం. ముందొచ్చినవాళ్ళ పని అయ్యేదాకా ఆమె మామగారిని కూడా కూర్చోబెట్టింది. ఆయనకు కాస్త చివుక్కుమంది.

వంతు వచ్చాక ఆమె నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కింద అటూ ఇటూ వాల్చి చూసింది. దుకాణంలో ఉన్న ఒక ప్రత్యేక ముద్రణ నాణేన్ని పోలిక కోసం పక్కన పెట్టుకుని, భూతద్దంతో మళ్ళీ చూసింది.

"ఇది మామూలుదే మామయ్యా. టంకశాలలో అచ్చు కొత్తగా ఉన్నప్పుడు కొట్టింది, అందుకే ఇంత పదును. ఎవరో వాడకుండా దాచి, ఈమధ్యే ఖర్చుపెట్టి ఉంటారు."

సరిగ్గా చూశావా అని ఆయన అడిగాడు. ఆమె భూతద్దం ఆయన చేతికే ఇచ్చింది. ప్రత్యేక నాణెం అంచు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది. ఆయనది కొద్దిగా గుండ్రంగా వాలి ఉంది. స్వయంగా చూశాక భూతద్దం తిరిగి ఇచ్చేశాడు.

సెలూన్ యజమాని ఉసూరుమన్నాడు. ఇంటి మనిషికి ఒక మంచిమాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా అని గొణిగాడు.

పెద్దాయన వెన్ను నిటారుగా చేసి కూర్చున్నాడు. "అదేనయ్యా మా అమ్మాయంటే. సొంత మామకే మొహమాటపడని పిల్ల, ఇంకెవరికైనా అబద్ధం చెబుతుందా?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. కోడలు సిగ్గుపడి తల దించుకుని, నాణేన్ని చిన్న కవరులో పెట్టి, వెనక 'మామూలు నాణెం, కొత్త అచ్చు' అని రాసిచ్చింది.

ఇంటికి ఎవరొచ్చినా పెద్దాయన ఇప్పుడు ఆ కవరు తీస్తున్నాడు. వాళ్ళు మెరుపు చూసి మెచ్చుకుంటుంటే, "ముందు వెనక్కి తిప్పి చదవండి. మా కోడలి రాత" అంటున్నాడు.