గాజుబిళ్ళ మీద ఏమీ లేదు

కణాలక్కకి కోపం వస్తే ల్యాబులో ఫ్రిజ్ కూడా చప్పుడు మానేస్తుందని ప్రతీతి. ఆ ఉదయం ఆవిడ పన్నెండు గాజుబిళ్ళల్ని సన్న పట్టకారుతో ఒక్కొక్కటే కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. వాటిలో తొమ్మిదింటి మీద ఉండవలసిన వంకాయ రంగు పొర లేదు.

అది వెలుగు పడితే కరెంటు పుట్టించే ప్లాస్టిక్ పొర. చూపు పోతున్న కంట్లో అతికిస్తే నిద్రపోతున్న నరాన్ని తట్టి లేపుతుందని ఆశ. అతికించుకునేవాళ్ళ వరుసలో మొదటివాడు ఆవిడ సొంత అన్నయ్య. వచ్చే వారమే ఆపరేషన్. మనిషి టైలరు, నాలుగేళ్ళుగా కుట్టుని బొటనవేలితోనే చూస్తున్నాడు.

పొర ఒంటికి పడుతుందా లేదా తేల్చడం కణాలక్క పని. పొర పూసిన బిళ్ళ మీద కణాలు పెంచి, ఒంటి వేడిలో, ఉప్పటి ద్రవంలో నెల రోజులు ఉంచాలి. రెండు రోజులకోసారి పాతది పారబోసి కొత్తది పోయాలి. నెలయ్యాక నూటికి తొంభయ్యారు కణాలు బతికున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మిషను కణాలనే లెక్కపెడుతుంది, మనుషులేమో మిషన్నే చూశారు. పొర పొడిపొడిగా ఊడి, పారబోసిన ద్రవంతో పాటు సింకులోకి పోయింది. కణాలు ఉత్త గాజు మీద హాయిగా కాపురం పెట్టాయి. పొర పోయి పాటు మిగిలిన అచ్చమైన పొరపాటు. పారబోసిన చేతులు తనవే కావడంతో ఆవిడకి ఒళ్ళు మరింత మండింది.

ట్రే పట్టుకుని ల్యాబు పెద్ద ఈవారం సారు గదికి పోయింది. ఏ పనైనా ఈ వారమే కావాలంటాడు కనుక ఆయనకా పేరు. నిలకడలో ఆయనా, ఆ పొరా కవలపిల్లలు. బిళ్ళలకేసి చూడకుండానే పరీక్ష రిపోర్టు మీద సంతకానికి పెన్ను జరిపి, కణాలు బతికాయా లేదా, అంతే కదమ్మా అన్నాడు.

"బోనులోంచి పులి వెళ్ళిపోయాక మేక బతికింది సార్. పులి సాధుజంతువని సంతకం పెట్టమంటారా?"

"ఊడిందే అనుకో. కణాలకేం కాలేదుగా."

"ముక్కలు సింకులోకి పోయాయి కాబట్టి. మా అన్నయ్య కంట్లో సింకు లేదు."

ఆవిడది చిన్నచూపనీ, తనది దూరదృష్టనీ సారు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. దృష్టి మరీ దూరమైతే ముక్కు కింద బిళ్ళ కనబడదని గొణిగి, ఆవిడ సంతకం చోట 'తొమ్మిది బిళ్ళల మీద పొర లేదు, పరీక్ష చెల్లదు' అని పెద్దక్షరాలతో రాసింది. ఆయన ఎదుటే కంటి డాక్టరుకి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్లు ఆగిపోయాయి.

సాయంత్రం అన్నయ్య కొట్టుకి వెళ్ళి తనే చెప్పింది. శభాష్ అనకపోయినా అర్థం చేసుకుంటాడనుకుంది. అతను మిషను తొక్కడం ఆపలేదు.

"ఆగమనేవాళ్ళందరికీ కళ్ళుంటాయేమిటే?"

"ఆగమనలేదన్నయ్యా. ఊడిపోతోంది అంటున్నాను."

"ఊడనీ. ఇప్పుడు మాత్రం నాకేం మిగిలిందని?"

"వెలుగూ చీకటీ తెలుస్తున్నాయిగా. ముక్కలు లోపల చేరితే అదీ పోవచ్చు."

"ఊడకుండా చెయ్యడం మీకు చేతనవునా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"ఇంకా చేతకాలేదు."

"అయితే చేతనయ్యాకే రా."

ఆవిడ మెట్లు దిగింది. వెనక్కి వెళ్ళి పోట్లాడాలనిపించింది. పోట్లాడటానికి అతని మాటలో తప్పేదీ దొరకలేదు. అందుకే ఇంకా మండింది.