బూరుగు చెట్టు కింద దింపుడు

విశాఖపట్నంలో ఎవరైనా పోతే పాడె ముందు టపాకాయలు కాల్చాల్సిందే. అక్కడ సిమెంటు పనికి పోయిన బుధు అలాంటి ఊరేగింపులు ఎన్నో చూశాడు. అందుకే తండ్రి పోయాడని కబురందగానే, బస్సెక్కే ముందు ఒక పెద్ద టపాకాయల దండ కొని సంచీలో వేసుకున్నాడు. ముంచింగిపుట్టులో దిగి, జీపు దొరక్క, కొండెక్కి ఊరు చేరేసరికి పోలయ్యను పాడె మీద పడుకోబెట్టేశారు. చుట్టాలు తలా ఒక కొత్త గుడ్డ తెచ్చి కప్పారు. గుడ్డల కింద పోలయ్య బతికున్నప్పటి కంటే లావుగా కనిపించాడు.

బుధుకు ఏడుపు రాలేదు. రావాలని చూశాడు పాపం. తండ్రి కాళ్లు పట్టుకున్నాడు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అయినా ఒక్క చుక్క రాలేదు. ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుస్తూనే వాడి మొహం వంక ఓరగా చూశారు. చావింట్లో కూడా జనానికి చూడ్డానికి ఇంకొకటేదో కావాలి కదా!

తల్లి గురుబారి వాడి సంచీలో దండ చూసింది.

"ఏటిరా ఇది?"

"అయ్య కోసమే అమ్మా. గొప్పగా పంపిద్దామని."

"కొండ దిగేక కాల్సుకో. సెట్టుకాడ మాత్రం వొద్దు. ఆ సెట్టు కింద మీ అయ్య గట్టిగా దగ్గీవోడు కూడా కాదు."

పోలయ్య బతుకంతా తేనె తీశాడు. ఊరి చివర బూరుగు చెట్టుకు కొమ్మకొమ్మకూ తేనెపట్లు, ఒక్కొక్కటీ చేటంత. ప్రతి వేసవిలోనూ మొహం గుమ్మడికాయలా వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఇంటికొచ్చేవాడు. చిన్నప్పుడు బుధు అది చూసి పడీపడీ నవ్వేవాడు. వాచిన మూతితో తండ్రి కూడా నవ్వేవాడు. "ఈగలు రేగితే పరిగెత్తకురా. కొట్టకు. మెల్లగా కూలబడి కప్పుకో, కదలకు" అని చెప్పేవాడు. గురుబారికి మాత్రం ఈగ కాటు పడదు. నిరుడు ఒకటి కుడితే ఊపిరాడక నీలుక్కుపోయింది. డోలీ కట్టి ఆస్పత్రికి మోసుకుపోతే, మళ్లీ కుడితే మనిషి దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పోయినవాడిని అతను పని చేసిన చోట ఒకసారి దింపడం ఆ ఊరి పద్ధతి. ఎండ తగ్గాక పాడెను బూరుగు చెట్టు కింద దింపారు. గురుబారి తలవైపు కూర్చుంది. తుడుము వాయించేవాళ్లు చప్పుడు ఆపేశారు. గురుబారి తమ్ముడు అప్పలస్వామి పోలయ్య మొహం మీది గుడ్డ తీసి, చెవి దగ్గర వంగి, పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఇక కొడుకు మీదపడి ఏడవాలి. అందరూ బుధు వైపు చూశారు.

ఆ చూపులకు వాడి ఒళ్లు మండింది. నాలుగడుగులు అవతలికి పోయాడు. తల్లి మాట గుర్తుంది, లేదని చెప్పడానికి లేదు. అయినా అంతమంది ముందు రాయిలా నిలబడ్డం కంటే ఏదో ఒకటి చెయ్యడం నయమనిపించింది. దండ పరిచి అగ్గిపుల్ల గీశాడు.

టపాకాయలు పేలాయి. చెట్టు మొత్తం ఒక్కసారిగా మూలిగింది. నల్లగా వేలాడుతున్న పట్లు కళ్లముందే పలచబడి, లోపలి మైనం బయటపడింది. "ఈగలు!" అని ఎవరో అరిచారు. అంతే, ఎవరి ప్రాణం వాళ్లది. తుడుములు దొర్లాయి, చెప్పులు తెగాయి. తండ్రి చెప్పిందంతా మరిచిపోయి బుధు కూడా పరిగెత్తాడు. మెడ మీద రెండు కుట్టాయి. దారి కింద పారే గెడ్డలో దూకి తల ముంచాడు.

తల పైకెత్తేసరికి ఊరంతా మెడలోతు నీళ్లలో ఉంది. ఒక్కొక్క మొహమే వెతికాడు.

"మావా, అమ్మేది?"

అప్పలస్వామి వెనక్కి చూశాడు. "నా ఎనకాలే వచ్చిందనుకున్నాను గదరా..."

"అక్కడే ఉండిపోయింది!"

"ఇప్పుడెల్లకు. పొద్దోయేక అవే సద్దుకుంటాయి. అప్పుడందరం ఎల్దాం."

"అప్పటికి అమ్ముంటాదా మావా?"

బుధు పక్కనున్న ఒకతని భుజం మీది తడిసిన గొంగడి లాక్కుని, నెత్తిమీంచి కప్పుకుని గట్టెక్కాడు.

వచ్చినప్పుడు గుక్క తిప్పుకోకుండా వచ్చిన దారి, పోయేటప్పుడు ఎంతకీ తరగలేదు. తల్లి అక్కడుందని కాళ్లు ఉరకమంటున్నాయి, ఉరికితే ఈగలు చంపేస్తాయి. కూర్చుని, దేక్కుంటూ, ఆగుతూ పోయాడు. గొంగడి మీద ఈగలు వాన పడ్డట్టు పడుతున్నాయి. ఒకటి మణికట్టు మీద వాలి కుట్టింది. రెండో చెయ్యి దాన్ని కొట్టబోయి ఆగిపోయింది. పళ్లు బిగించి ముందుకు జరిగాడు. 'నేనే చేశాను, నేనే చంపుకున్నాను' అన్న మాట తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

గొంగడి సందులోంచి పాడె కనిపించింది. చుట్టుపక్కల తల్లి లేదు. పాడె మీది గుడ్డలు మాత్రం పోలయ్య ఒక్కడికి కావలసినంత కంటే ఎత్తుగా ఉబ్బి ఉన్నాయి. పైన ఈగలు పాకుతున్నాయి.

బుధుకు అర్థమైంది. కానీ బతికుందో లేదో చూడాలంటే గుడ్డ ఎత్తాలి, ఎత్తితే ఈగలు లోపల దూరతాయి. పిలిస్తే ఆ చప్పుడుకు ఇంకా రేగుతాయి. గుడ్డ మీంచే చెయ్యి వేసి తడిమాడు. ఒక పాదం తగిలింది. చల్లగా, కర్రలా ఉంది. దాని పక్కన ఇంకొకటి. అదీ అంతే. ఇది అమ్మదా? కాదు. రెండూ తండ్రివే కదా, మరి అమ్మ పాదాలేవి? అమ్మ పొట్టిది. చెయ్యి పైకి జరిపాడు. తండ్రి మోకాలికి కాస్త కింద ఒక మడమ తగిలింది. పట్టుకున్నాడు. అది కదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవుడ్రా?" అంది లోపలినుంచి గొంతు.

"నానే అమ్మా." మడమ వదల్లేదు. "కుట్టినాయా?"

"నేదు. ఇన్ని గుడ్డలున్నాయి గదా. నిన్ను కుట్టేత్తాయి, అక్కడుండకు. మీ అయ్యకి ఆ పక్కన సోటుంది. బేగి రాకు. మెల్లగా దూరు."

గొంగడితో సహా కొద్దికొద్దిగా గుడ్డల కింద దూరాడు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో అమ్మకూ అయ్యకూ మధ్య పడుకునేవాడు. ఇప్పుడు మధ్యలో అయ్య ఉన్నాడు. ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ, తెల్లగుడ్డ, అన్నిట్లోంచీ వడకట్టుకుని వస్తున్న వెలుగులో తండ్రి మొహం పక్కనే, జానెడు దూరంలో ఉంది. పైన ఈగల మోత తగ్గలేదు.

"అమ్మా, సెట్టుకాడ వొద్దన్నావు. నానే..."

"ఎరుగుదును."

తిట్టినా బాగుండేదనుకున్నాడు బుధు.

అప్పుడు కనిపించాయి. దింపుడు కోసం మొహం మీది గుడ్డ తీశారు కదా, తల్లి మళ్లీ కప్పేలోగానే ఈగలు వాలాయి కాబోలు. తండ్రి చెంప మీద రెండు, కనురెప్ప మీద ఒకటి, నుదుటి మీద ఇంకొన్ని ఈగ ముళ్లు దిగి ఉన్నాయి. బుధు మణికట్టు అప్పుడే బూరెలా పొంగింది. తండ్రి చెంప చెంపలాగే ఉంది. ఆ కనురెప్ప కూడా ఉబ్బలేదు. ఏడాదికోసారి గుమ్మడికాయలా వాచి, నవ్వుతూ గుమ్మంలోకి వచ్చే ఆ మొహం, ఇన్ని ముళ్లు దిగినా ఉన్నది ఉన్నట్టే ఉంది.

"అమ్మా, అయ్య మొకం వాయలేదే..." అన్నాడు బుధు.

అంటూనే పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఊళ్లో అందరూ చూస్తుండగా రాని ఏడుపు, ఎవరూ చూడని ఆ గుడ్డల కింద, భుజాలు కుదిపేస్తూ వచ్చింది. గుడ్డలు కదిలాయి. పైన మోత ఒక్కసారి హెచ్చింది.

తండ్రి గుండెల మీదుగా తల్లి చెయ్యి వచ్చి వాడి భుజాన్ని అదిమి పట్టుకుంది.

"ఏడు నాయినా, ఏడు," అంది గురుబారి. "కదలకుండా ఏడు."