సగమే అడిగిన ప్రశ్న

డయాలసిస్ గది తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తలుపు ముందు, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు, ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే పెద్దక్క భర్త. ఒకప్పుడు సిటీ బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, వాటిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది దారి. ఇక్కడ కూర్చోకూడదని చెప్పలేదా?" అన్నాడు వాచ్‌మన్.

"లేచే ఓపికే ఉంటే ఇక్కడికెందుకొస్తాను తమ్ముడూ?"

వాచ్‌మన్ ఆయన చంకల్లో చేతులు వేసి, బయటి మెట్ల దాకా ఈడ్చి కూర్చోబెట్టాడు. ఒక చెప్పు జారి దారిలోనే పడిపోయింది. ఉతికిన దుప్పట్ల బండి తోసుకొస్తున్న పెద్దక్క ఇదంతా చూసింది. ఏడవలేదు. వంగి చెప్పు తీసుకుంది. ఈ ఆసుపత్రి మంచాలన్నిటికీ దుప్పట్లు ఉతికేది ఆమే. ఆమె మనిషికి ఇక్కడ మంచం లేదు.

నగరసభ బడ్జెట్‌లో ఆ గదికి కేటాయింపు ఎత్తేశారు. యంత్రాలను ఒక ప్రైవేటు ఆసుపత్రికి అమ్మేశారు. తెల్లవారితే లారీ వస్తుంది. ఇంతవరకూ లాండ్రీ షెడ్డులో అందరూ పైకే అనుకున్నారు. ఎవరూ పైకి అననిది ఒకటుంది: ఆ గదిని మూసిన చేతుల్లో తమ చేతులూ ఉన్నాయి.

కిందటి ఎండాకాలం కౌన్సిలరు లాండ్రీ షెడ్డు ముందే సభ పెట్టాడు. "నగరం నెత్తిన అప్పు కొండలా ఉంది. తగ్గించమనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. సబ్బు నురగ కడుక్కోకుండానే అందరూ ఎత్తారు. ఎత్తక ఏం చేస్తారు? అప్పంటే వాళ్లకు తెలిసింది వాకిట్లో నిలబడి అరిచే మనిషి, 'అమ్మ ఇంట్లో లేదని చెప్పు' అని పిల్లలకు నేర్పే సిగ్గు. నగరం అప్పునూ తమ గుమ్మంలోంచే చూశారు. అది దేనికి చేశారో, తగ్గిస్తే ఎవరి కంచంలోంచి తగ్గుతుందో ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. పెద్దక్క రెండు చేతులూ ఎత్తింది.

మధ్యాహ్నం అందరూ తడి బట్టలతోనే నగరసభకు నడిచారు. అద్దాల గోడల కొత్త భవనం.

"నా మీద కోపమెందుకమ్మా?" కౌన్సిలరు నిజంగానే నొచ్చుకున్నాడు. "తగ్గించమంది మీరు. తగ్గించింది నేను. మీ మాటే నెగ్గించాను."

"మరి ఈ అద్దాలు ఎవరి మాట మీద కట్టారు బాబూ?" అంది చిన్నమ్మ. దుప్పట్లు పిండడంలో పెద్దక్కకు జోడీ ఆమె, నోరు ఊరుకోదు. "మేం చేతులెత్తినట్టు గుర్తు లేదే!"

"దీనికి చేసిన అప్పు వడ్డీ ఆపలేం. ఒప్పందం ఉంది. ఆపగలిగింది ఆసుపత్రి ఖర్చే."

"అంటే అప్పిచ్చినవాడితో ఒప్పందం ఉంది, మాతో లేదు" అంది పెద్దక్క.

"మీకు ఓటుంది. నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో చూసుకోండి."

"అందాకా మా ఆయన ఆగాలి కదయ్యా."

కౌన్సిలరు గడియారం చూసుకున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక గొడవైంది. "మనమే చేతులెత్తి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?" అంది ఒకామె. పెద్దక్కకు కౌన్సిలరు అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది. ఆయన అబద్ధమాడలేదు, తమ మాటనే తాడుగా పేని తమ మెడకు వేశాడు. తన నోటి మాట తన మనసు కాకుండా పోతుందా? పోతుంది. ప్రశ్న వేసినవాడు జవాబుకు కంచె కూడా వేశాడు.

"మన మాట మనదే," అంది చివరికి. "వాడు సగమే అడిగాడు. ఎవరి కంచంలోంచి తగ్గించాలన్న మిగతా సగం అడక్కపోయినా చెప్పాలి."

"వినేదెవడే?"

"చెవులున్నవాడికి చెప్పి చూశాంగా. ఇక లారీకి చెప్దాం" అంది చిన్నమ్మ.

షెడ్డులో పిండే యంత్రం పాడై ఏళ్లయింది. బాగుచేయడానికీ కేటాయింపు లేదు. అందుకే ఇద్దరిద్దరుగా దుప్పటిని చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి పిండుతారు. ఒకరు "పట్టు" అంటారు. వాళ్లే "వదులు" అనేదాకా రెండోవాళ్లు వదలకూడదు. వదిలితే అవతలి మనిషి వెల్లకిలా పడుతుంది.

తెల్లవారి లారీ వచ్చేసరికి డయాలసిస్ గది తలుపు నుంచి బయటి మెట్ల దాకా తడి దుప్పట్లు ఒకదానికొకటి ముడేసి, మెలిపెట్టి, వాటి వెంట షెడ్డు మొత్తం నిలబడి ఉంది. చివరి కొస మెట్ల మీద కూర్చున్న పెద్దక్క భర్త చేతిలో. ఆ పక్కనే అదే దుప్పటి పట్టుకుని పెద్దక్క.

కౌన్సిలరు పోలీసులతో వచ్చాడు. "అమ్మా, న్యాయంగా పోదాం. మళ్లీ అడుగుతాను, చేతులెత్తి చెప్పండి."

"ఇవాళ మా చేతులు ఖాళీగా లేవు" అంది పెద్దక్క.

లాఠీలు లేచాయి. చిన్నమ్మ మోకాళ్ల మీద పడింది, కొస వదలలేదు. ఇద్దరిని వ్యాన్‌లోకి విసిరారు. వాళ్ల చోట్లోకి వార్డుల్లోంచి వచ్చినవాళ్లు దూరారు.

అప్పుడు పెద్దక్క అరచేతిలో దుప్పటి సడలింది. ఇన్నేళ్ల పనిలో అవతలి మనిషి పట్టు గుడ్డలోంచే తెలుస్తుంది ఆమెకు. తిరిగి చూడనక్కర్లేకపోయింది.

"మీ ఆయన పోయాడమ్మా," అన్నాడొక పోలీసు, గొంతు తగ్గించి. "ఇంక ఎవరికోసం? వదిలెయ్యి."

నేల మీదికి జారిన కొసను మరో రోగి కూతురు అందుకుంది. గుడ్డ మళ్లీ బిగిసింది.

పెద్దక్క కళ్లు మూసుకుంది. ఆసుపత్రి అంతా వినబడేలా అరిచింది:

"పట్టు!"