భీమిలి పాఠం

నేను సముద్రం చూడలేదు. అయినా మా బొగ్గుబాయి కాలనీలో ముప్పై ఇళ్లవాళ్లకు భీమిలి చూపించాను.

కుటుంబంతో ఏదైనా ఊరు చూసి రమ్మని కంపెనీ ఎల్‌టీసీ డబ్బులిచ్చేది. పోయేదెవరు? దొంగ టికెట్లు పుట్టించడం, ఆ డబ్బులు ఇంటి అక్కరకు వాడుకోవడం మామూలే. ఎంక్వయిరీ వస్తే వాళ్లు తడబడకూడదని యూనియన్ ఆఫీసు గుమాస్తానైన నేను పాత పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని పాఠం చెప్పేవాణ్ణి. డచ్చివాళ్లు ఓడల్లో వచ్చి కోట కట్టారు, వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. తెల్లదొరలు గాలి కోసం బంగళాలు కట్టుకున్నారు. విశాఖలో పెద్ద రేవు వచ్చాక ఓడలు ఇటు రావడం మానేశాయి. ఇప్పుడు చేపలవాళ్లతో, సెలవులకొచ్చే వాళ్లతో ఊరు నిదానంగా బతుకుతోంది. గడియార స్తంభం, లైట్‌హౌసు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఒక్క ముక్క తప్పినా కసురుకునేవాణ్ణి.

ఎనభై ఎనిమిది మే నెలలో మా కాలనీలో ఉండే బాయి కార్మికుడు సారయ్య కూడా అదే పని చేశాడు. ఏడేళ్ల బిడ్డ రాజేశ్వరికి కిడ్నీలు చెడితే కరీంనగర్‌లో దవాఖానలో చేర్చాడు. కాగితం మీద మాత్రం పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా ముగ్గురూ భీమిలిలో ఉన్నారు. దవాఖానలో గుక్కెడు నీళ్లు కూడా తాపొద్దన్నారు. పదిహేనో తారీకున బిడ్డ దాహంతో దూప దూప అంటూనే పోయింది.

జూలైలో ఎంక్వయిరీ అన్నారు. దొంగతనం తేలితే సారయ్య ఉద్యోగం పోతుంది. భార్య శంకరవ్వనూ అడుగుతారు. ఆ ఇంట్లో కూర్చుని మళ్లీ డచ్చివాళ్ల దగ్గర మొదలుపెట్టాను. సిగ్గు లేదు నాకు. శంకరవ్వకు చెప్తే గోడకు చెప్పినట్టే ఉంది.

పైఆఫీసు నుంచి ఎవరో కొత్తాయన వచ్చాడు. సారయ్య సమాధులు, గడియారం అన్నీ వరసగా అప్పజెప్పాడు. ఆయన శంకరవ్వ వైపు తిరిగాడు.

"పాప సముద్రంలో ఆడుకుందా అమ్మా?"

అది నా పుస్తకంలో లేని ప్రశ్న.

"ఆడలే సారు. దూపైతుందన్నది. ఇసుకల చెలిమ తీసి నీళ్లు తాపిన. మంచిగ తాగింది. తియ్యగున్నయి."

ఆమె ఎండాకాలం గోదావరి ఇసుక తోడి, గుంటలో ఊరిన నీళ్లు తాగి పెరిగిన మనిషి. సముద్రపొడ్డున తియ్యటి నీళ్లెక్కడివి? ఇంతమందికి పాఠం చెప్పిన నేను సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయని ఒక్కనాడూ చెప్పలేదు.

ఆయన కలం ఆగింది. "పాపను ఒకసారి పిలవండి" అన్నాడు.

సారయ్య తల దించుకున్నాడు.

"రాదు సారు. గా సముద్రంకాడనే ఉన్నది" అంది శంకరవ్వ. గొంతులో ఏడుపు లేదు, ఏమీ లేదు.

ఆయన సారయ్య మొహం చాలాసేపు చూశాడు. కలానికి మూత పెట్టాడు.

"మాది ఆ పక్కనేనమ్మా. ఒడ్డున ఇసుక తవ్వితే తియ్యటి నీళ్లే ఊరతాయి. చిన్నప్పుడు మేమూ తాగాం."

సారయ్య ఉద్యోగం నిలిచింది. ఎంక్వయిరీ కోసం నేను కాలనీలో మళ్లీ ఎవరికీ పాఠం చెప్పలేదు. ఆయన అన్నది నిజమో, జాలిపడి అన్నాడో ఇప్పటికీ తెలియదు. పోయి చూడాలంటే భయం.

అప్పుడప్పుడు శంకరవ్వే ఆఫీసు గడపలో కూర్చుంటుంది. "లక్ష్మణ్‌రావు సారూ, గా ఊరు ఎట్లుంటదో మల్లొక్కసారి చెప్పు" అంటుంది. డచ్చివాళ్ల దగ్గర మొదలుపెట్టి, రేవు మూతపడ్డదాకా అంతా చెప్తాను. చివర చెలిమ సంగతి కూడా చెప్తాను.