బకెట్ పట్టుకున్నావిడ

ఆడవాళ్ళకు ఓటు ఎలా వచ్చిందో చెప్పే బొమ్మల నవల గీస్తున్న చిత్రకారిణి, సగం దాటాక ఊరేగింపు పేజీ దగ్గర ఆగిపోయింది.

ఆ ఊరేగింపులో ఆమె మేనత్త నడిచింది. ఓటు కావాలని అరుస్తూ అందరూ వీధి మలుపు తిరుగుతుంటే, మేడమీది నుంచి ఎవరో బకెట్ నిండా మురికినీళ్ళు కుమ్మరించారు. ఆ ఎవరో చిత్రకారిణి వాళ్ళమ్మే. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. వదినా మరదళ్ళు అప్పుడప్పుడూ తలుచుకుని నవ్వుకుంటారు కూడా. ఇంట్లో నవ్వుకోవడం వేరు, అచ్చులో రావడం వేరు.

సంపాదకుడు ఫోన్ చేశాడు. "ఆడవాళ్ళ మీద ఆడమనిషే నీళ్ళు పోసిందంటే చదివేవాళ్ళు తికమకపడతారండీ. ఓ మీసాలాయన్ని పెట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది."

అత్తదీ అదే పాట. "మీసాలే పెట్టవే. ఈ వయసులో వదిన పరువు బజారుకెక్కించడమెందుకు?"

వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్న అమ్మ ఆ మాట విని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్లమీద చిత్తుబొమ్మలో, మేడ కిటికీలోని మనిషికి ముఖం లేదు.

"ఎవరది?"

"ఇంకా తేల్చుకోలేదమ్మా."

"తేల్చుకునేదేముంది? నేనే కదా. నా పని ఇంకొకళ్ళ నెత్తిన రుద్దుతారేం?"

"అందరూ తిడతారు వదినా" అంది అత్త.

"తిట్టనీ. నువ్వు అందులో ఉన్నావని పైవాళ్ళకి తెలిస్తే మీ అన్నయ్య ఉద్యోగం ఊడుతుందని హడలిపోయాను. తడిస్తే సిగ్గుపడి ఇంటికొచ్చేస్తావనుకున్నా. వచ్చావా? ఆ తడిబట్టల్తోనే చివరిదాకా పోయావు. జలుబు చేస్తే ఆవిరి పట్టించింది మాత్రం నేనే."

"ముక్కు కాల్చావు కూడా."

అమ్మ బొమ్మకోసం కిటికీ దగ్గర నిలబడింది. ఖాళీ బకెట్ ఎత్తింది గానీ భుజం దాకా రాలేదు. అత్త అడుగున చెయ్యివేసి పట్టుకుంది. చిత్రకారిణి గీసుకుంది. ముఖంలో కోపం కన్నా భయమే ఎక్కువ పడింది. సంపాదకుడు సణుగుతూనే ఒప్పుకున్నాడు.

పుస్తకం వచ్చాక ఒక బడిలో పిల్లలతో మాట్లాడమని పిలిచారు. అమ్మా అత్తా వెనక వరసలో కూర్చున్నారు. ఒక అమ్మాయి లేచి అడిగింది: "నీళ్ళు పోసినావిడ తర్వాత ఓటేసిందా?"

చిత్రకారిణి నోరు తెరిచేలోగా అమ్మ కుర్చీ పట్టుకుని లేచింది.

"వేశాను. మొదటిసారి మా ఆయన చెప్పినవాళ్ళకే వేశాను."

"రెండోసారి?"

"ఎవరికేశావని ఆయన అడిగాడు. చెప్పలేదు."

పిల్లలు నవ్వారు. అత్త నవ్వలేదు, ఈ సంగతి ఆమె వినడం అదే మొదలు. అమ్మ కొంగు లాగి మెల్లగా, "ఇంతకీ ఎవరికేశావు వదినా?" అంది.

"నీకూ చెప్పను" అంటూ అమ్మ కూర్చుంది.