మూడో మగ్గం కింద పూడ్చిన గుంత

మూడో మరమగ్గం నుంచి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరి ఉదయలక్ష్మి కనుబొమ్మ చీల్చుకుని పోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడే ఫిట్టర్ ఢిల్లీబాబు వచ్చి, మగ్గం కింద టార్చి వేసి చూసి, చేతులు దులుపుకున్నాడు.

"అన్నా, కింద నేల కుంగతా ఉండాది. బోల్టు ఎంత బిగించినా నిలబడదు. తవ్వి కాంక్రీటు పోయాల."

"ఒక చెక్క పెట్టి సరిచెయ్యప్పా," అన్నాడు మగ్గాల యజమాని మునిరామయ్య.

"అబ్బా! ఈ ఇంట్లో కాలిరిగిన పీట కాణ్ణించి అన్నిటికీ చెక్కే వైద్యం. ఈసారి నాడె కనుబొమ్మ కాదు, కన్నే తీస్తాది. మీ కోడలి కన్ను!"

మునిరామయ్య జవాబు చెప్పకముందే కరెంటు పోయింది. నగరిలో ఆ వీధి పొడుగునా మోగుతున్న మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మూడో మగ్గం అడుగు నుంచి, ఎవరో తీరిగ్గా తొక్కుతున్నట్టు, టక్... టకటక్. ముప్పై ఏళ్లుగా అది ఆయన ఒక్కడికే వినిపించేది. మరమగ్గాల మోతకు చెవులు చెడ్డాయని సరిపెట్టుకునేవాడు.

కానీ ఇప్పుడు, తెగిన పోగు ముడేస్తూ నిలబడిన ఉదయలక్ష్మి కాలి బొటనవేలు అదే తాళం వేస్తోంది.

"ఆ తాళం యాడ నేర్సుకున్నావమ్మా?"

"ఏ తాళం మామా?" ఆమె తన కాలు చూసుకుని నవ్వింది. "ఏమో. ఈడ నిలబడితే కాలు ఊరుకోదు."

ఆమె పాకాలలో రైల్వే ఉద్యోగి కూతురు. గుంత మగ్గం ఎలా ఉంటుందో కూడా ఎరగదు.

ఆ చోట ఒకప్పుడు ఆయన తండ్రి చిన్నబ్బ గుంతలో కాళ్లు వేలాడదీసి నేసేవాడు. ఒకసారి ఆయన కాలు విరిగితే ఎముకల కట్టుకని పుత్తూరు తీసుకెళ్లారు. ఆయన అక్కడుండగానే లారీలో మూడు పాత మరమగ్గాలు దిగాయి. పెట్టడానికి చోటు లేదు. మొదలుపెట్టిన పడుగును, ఆ నిలువు పోగుల్ని, మధ్యలో కోయకూడదన్నది నేతగాళ్ల ఆచారం. ఆఖరి పోగు దాకా నేసి, కర్పూరం వెలిగించాకే కత్తెర వేయాలి. మునిరామయ్య ఆగలేదు. సగం నేసిన పడుగును కోసి, తొక్కుడు పలకలతో సహా గుంతలో పడేసి మన్ను పోశాడు. నాయనే పూడ్చమన్నాడని అందరికీ చెప్పాడు. తిరిగొచ్చిన చిన్నబ్బ ఒక్క మాట అనలేదు. గోడవార కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. పాదాలు మాత్రం కదులుతూ ఉండేవి. ఏడాది తిరక్కుండానే పోయాడు.

ఏటా ఆయుధపూజకు మగ్గాలకు బొట్లు పెడుతూ మునిరామయ్య అడిగేవాడు: చేతులూ కాళ్లూ చేసే పని మోటారు చేస్తే తప్పా స్వామీ? ఆ మోటారే కదా ఇంట్లో నలుగురికి అన్నం పెట్టింది? కానీ తను అడగవలసింది మోటారు గురించి కాదని మునిరామయ్యకూ తెలుసు.

తవ్వితే కోసిన పడుగు బయటపడుతుంది, దాంతో తన అబద్ధమూ. తవ్వకపోతే ఈ పిల్ల కన్ను పోతుంది. ఆయన ఆ కుట్ల వైపు చూశాడు.

"తవ్వప్పా," అన్నాడు.

మగ్గం పక్కకు జరిపి తవ్వారు. మోకాలి లోతులో గడ్డపారకు చెక్క తగిలింది. పాదాల రాపిడికి గుంటలు పడిన రెండు పలకలు. వాటి కింద నల్లబడి చివికిన బట్ట, ఎగుడుదిగుడుగా తెగిన పోగులు.

"ఇదేందన్నా! పడుగు నడిమధ్యన కోసినారే. ఏ పాపిష్టోడు?"

"నేనే. మా నాయన పూడ్చమనలేదు. ఆయన పుత్తూరులో ఉండంగా నేనే పూడ్చినా."

ఢిల్లీబాబు గడ్డపార పక్కన పెట్టాడు. ఉదయలక్ష్మి కనుబొమ్మ మీది కుట్లు తడుముకుంటూ అడిగింది.

"తెలిసి కూడా, రెండేండ్లు నన్ను దీని మింద నిలబెట్టినావా మామా?"

మునిరామయ్య వంగి పలకల్ని పైకి తీశాడు.

పలకల్నీ బట్టనూ కుశస్థలి నదిలో కలిపి స్నానం చేసి వచ్చాడు. కాంక్రీటు పోశారు. మగ్గం నిటారుగా నిలబడింది, నాడె తప్పటం లేదు. కోడల్ని మొదటి మగ్గానికి మార్చి, మూడోదాని ముందు ఆయనే నిలబడ్డాడు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది.

"మామా, అన్నానికి రా!"

"నువ్వు తినమ్మా. వస్తా."

ఆ తాళం ఈసారి చెవులకు కాదు, అరికాళ్లకే తెలుస్తోంది, కాంక్రీటులోంచి. కాలు తీస్తే నాయన్ని మళ్లీ నేతలోంచి లేపినట్టే అవుతుంది. అది దానంతట అది ఆగేదాకా మునిరామయ్య కదలకుండా నిలబడ్డాడు. లోపల కంచంలో అన్నం చల్లారిపోయింది.